పాత కారు ఏసీని ఆర్-12 నుంచి ఆర్-134ఎకి మార్చడం ఎలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఓఆర్ నంబరు ప్లేటుతో తిరిగే కాంటెస్సాలు, మారుతి 1000లు, తొలినాళ్ల టాటా సుమోలు, ఎస్టేట్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని ప్రేమగా ఉంచుకున్నవాళ్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: "పాత గ్యాస్ దొరకట్లేదు, 134 ఎక్కించేస్తే సరిపోతుందా?"

సరిపోదు. ఈ మొత్తం పనిలో గ్యాస్ ఎక్కించడం చివరి అరగంట పని మాత్రమే. అసలు పనంతా ఆయిల్, డ్రయ్యర్ (లోపలి తేమని పీల్చే డబ్బా), లోపలి తేమ దగ్గర ఉంది. అవి వదిలేసి గ్యాస్ ఒక్కటే మార్పిస్తే కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది, ఆ తర్వాత ఆయిల్ అందక కంప్రెషర్ బిగుసుకుపోతుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు మిగిలిందనుకున్న డబ్బుకి ఎన్నో రెట్లు.

ఆ పాత గ్యాస్ పేరే ఆర్-12, ఓజోన్ పొరను తినేసే గ్యాస్. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. 2003 జనవరి 1 నుంచి కొత్త ఏసీల్లో దాన్ని వాడటం ఆగింది, 2008లో తయారీ కూడా ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "ఒరిజినల్ ఆర్-12 ఉంది" అంటే అనుమానించాల్సిందే. కొత్త కార్లలో వస్తున్న ఆర్-1234వైఎఫ్ జోలికి పాత బండితో వెళ్లకండి. ఖరీదు ఎక్కువ, కొంచెం మండే గుణం కూడా ఉంది.

ముందు మీ బండిలో ఏముందో చూడండి

బానెట్ కింద ఏసీ స్టిక్కరు ఉంటే గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత చాలా అవసరం. స్టిక్కరు పోయి ఉంటే గ్యాస్ ఎక్కించే నోజిళ్లు చూడండి. మరలున్న నోజిలైతే ఆర్-12 బండి. మరలు లేకుండా టక్కున పట్టుకునే రకం, లో సైడ్ (తక్కువ ప్రెషర్ వైపు) 13 మిల్లీమీటర్లు, హై సైడ్ (ఎక్కువ ప్రెషర్ వైపు) 16 మిల్లీమీటర్లు ఉంటే అది 134 బండే, మార్చాల్సిన పని లేదు.

మధ్య రకం ఒకటుంది. నోజిల్ పాతదే గానీ లోపల ఎవరో 134 కొట్టేశారు. పాత బండి కొన్నవాళ్లకు ఇది మామూలే. రెండు గ్యాసులూ కలిస్తే ప్రెషర్ విడివిడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ వస్తుంది, గేజ్ చూసి ఏదీ చెప్పలేం. అలాంటి బండికి కూడా కింద చెప్పిన అంచెలన్నీ మొదటి నుంచి చేయాలి.

కావలసినవి

- ఆర్-134ఎ టిన్నులు. 450 గ్రాములవి దొరుకుతాయి. చిన్న కారుకి రెండు, వెనక కూడా ఏసీ ఉన్న సుమోకి ఇంకా ఎక్కువ. మంచి కంపెనీది, సీలుతో, బిల్లుతో కొనండి.
- ఈస్టర్ ఆయిల్, 100 నంబరు. ప్యాగ్ ఆయిల్ కూడా 134కి పనికొస్తుంది గానీ పాత మినరల్ ఆయిల్ కాస్త మిగిలినా ఓర్చుకునేది ఈస్టరే. అందుకే ఈ పనికి నా ఓటు దానికి. ఫ్రిజ్ మెకానిక్కు దగ్గరి పల్చటి ఆయిల్ వద్దు.
- 134కి సరిపోయే కొత్త డ్రయ్యర్. పాత డ్రయ్యర్ లోపలి గుళికలు కొత్త గ్యాస్‌కి, ఆయిల్‌కి నిలబడవు.
- హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు ఓ రింగులు. ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తాయి.
- పాత నోజిళ్ల మీద బిగించే 134 అడాప్టర్లు, లో సైడ్‌కి ఒకటి, హై సైడ్‌కి ఒకటి.
- గేజ్ సెట్, వాక్యూమ్ పంపు. కొనక్కర్లేదు, ఫ్రిజ్‌లు బాగు చేసేవాళ్ల దగ్గర అద్దెకో అరువుకో దొరుకుతాయి. ఆర్-12కి వాడిన గేజ్ పైపులు మాత్రం వద్దు, లోపల పాత ఆయిల్ ఉంటుంది.
- రెగ్యులేటరుతో సహా నైట్రోజన్ సిలిండరు.
- ఏసీ ఫ్లషింగ్ లిక్విడ్, గ్రాములు చూపించే డిజిటల్ తూకం, వెంట్‌లో (చల్లగాలి వచ్చే జాలీలో) పెట్టే థర్మామీటరు, గ్లవ్స్, కళ్లద్దాలు.

ఇవన్నీ ఒకే ఊళ్లో దొరక్కపోవచ్చు. విజయనగరమో విశాఖో బరంపురమో వెళ్లే పని పడినప్పుడు ఒకేసారి తెచ్చుకోండి. సైజు చూపించడానికని డ్రయ్యర్ విప్పి సంచిలో వేసుకెళ్లకండి, ఆ వారమంతా బండి లోపలికి తేమ పోతుంది. ఫోన్‌లో ఫోటో, టేపుతో కొలత చాలు.

ఈ నాలుగూ ఎవరు చెప్పినా చేయొద్దు

వంట గ్యాస్ ఎక్కించొద్దు. చల్లదనం బాగానే వస్తుంది, అందుకే కొందరు చేస్తారు. కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ మీరు కూర్చున్న చోటికే వస్తుంది.

లీకు చూడటానికి ఆక్సిజన్ వాడొద్దు. వెల్డింగ్ షాపులో ఆ సిలిండరు చేతికి అందేలా ఉంటుంది గనక కొందరు మిస్త్రీలు అదే తగిలిస్తారు. ప్రెషర్‌లో ఆక్సిజన్, ఆయిల్ కలిస్తే పేలుతుంది. మామూలు కంప్రెషర్ గాలి కూడా వద్దు. ప్రెషర్‌లో 134తో గాలి కలిస్తే అది అంటుకోగలదు, పైగా గాలితోపాటు తేమా పోతుంది.

పేరు లేని చౌక టిన్నులు కొనొద్దు. నకిలీ 134లో ఆర్-40 అనే మిథైల్ క్లోరైడ్ కలుపుతారు. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగలగానే భగ్గున మండే పదార్థం తయారవుతుంది. 2011లో ఓడ కంటైనర్ల ఏసీల్లో ఇలాగే పేలుళ్లు జరిగి మనుషులు పోయారు.

పాత ఆర్-12ని గాల్లోకి వదిలేయొద్దు.

పని మొదలుపెడదాం

1. గేజ్ తగిలించి చూడండి. ఎన్నాళ్లుగానో ఏసీ వాడని బండిలో గ్యాస్ ఎప్పుడో పోయి ఉంటుంది, ముల్లు సున్నా మీదే ఉంటుంది. ప్రెషర్ చూపిస్తే మాత్రం రికవరీ మెషీన్ ఉన్న షాపులో తీయించుకుని రండి.

2. కంప్రెషర్ దించి, తలకిందులు చేసి, పాత ఆయిల్‌ని కొలత గ్లాసులోకి వంచండి. క్లచ్ చేత్తో తిప్పుతూ వంచితే ఇంకా వస్తుంది. ఎంత వచ్చిందో రాసుకోండి. ఆయిల్ రంగు ఇక్కడ చాలా చెబుతుంది. తేనె రంగులో ఉంటే మంచిదే. నల్లగా ఉండి, వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా మెరిసే పొడి తగిలితే కంప్రెషర్ అరిగిపోయిందన్నమాట. అక్కడ ఆగండి. ఆ పొడి కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే రెక్కల భాగం) సన్నదారుల్లో కూడా ఇరుక్కుని ఉంటుంది. ఆ రెండూ మార్చే ఉద్దేశం లేకపోతే మిగతా ఖర్చు దండగ.

3. పైపులు, కూలింగ్ కాయిల్, కండెన్సర్‌లను ఫ్లషింగ్ లిక్విడ్‌తో కడిగి, నైట్రోజన్‌తో ఊదేయండి. బయటికొచ్చే లిక్విడ్ తేటపడేదాకా చేయాలి, ఆ తర్వాత తడి వాసన పోయేదాకా ఊదాలి. కంప్రెషర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని సన్నగా వదిలేది), డ్రయ్యర్‌ల గుండా ఫ్లష్ చేయకూడదు. పెట్రోలు, కిరసనాయిలు వాడటం కూడా చూశాను. అవి లోపలే మిగిలిపోయి కొత్త ఆయిల్‌ని పాడు చేస్తాయి.

4. ఈ పనిలోనే కండెన్సర్ బయట కూడా కడగండి. దమన్‌జోడి వైపు తిరిగే బండ్లకి ఎర్ర దుమ్ము రెక్కల మధ్య గోడలా పేరుకుంటుంది. 134 ఆర్-12 కంటే ఎక్కువ ప్రెషర్‌లో నడుస్తుంది. కండెన్సర్ 60 డిగ్రీలకు వేడెక్కితే ఆర్-12కి దాదాపు 206 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), 134కి దాదాపు 229. కాబట్టి ఇన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చిన మురికి కండెన్సర్ ఇకమీదట నెట్టుకురాదు. ఫ్యాన్ వేగంగా తిరుగుతోందా, రెక్కలు విరిగాయా చూసుకోండి.

5. విప్పిన ప్రతి జాయింటులో కొత్త ఓ రింగు వేయండి, కొత్త ఆయిల్ రాసి మరీ బిగించండి. రబ్బరు పైపులు పగుళ్లు లేకుండా, చివర్లలో జిడ్డు లేకుండా ఉంటే ఉంచేయవచ్చు. జిడ్డుంటే అక్కడ లీకున్నట్టే. 134 అణువు చిన్నది, ఆర్-12ని ఆపిన రబ్బరు దీన్ని ఆపలేకపోవచ్చు.

6. ఆయిల్ పోయండి. కడిగేశాక లోపల పాత ఆయిల్ దాదాపు లేనట్టే కాబట్టి, కంపెనీ చెప్పిన మొత్తం కొత్తదే పోయాలి. చాలా కార్లకి ఇది 150 నుంచి 200 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది. సగానికి పైగా కంప్రెషర్‌లో, మిగిలింది డ్రయ్యర్‌కి, కూలింగ్ కాయిల్‌కి, కండెన్సర్‌కి కొంచెం కొంచెం. "ఎక్కువ పోస్తే మంచిదేగా" అనుకోకండి, ఎక్కువైన ఆయిల్ కాయిల్‌లో నిలిచి చల్లదనం తగ్గిస్తుంది. డబ్బా మూత తీసిన వెంటనే పోసి మూసేయండి. ఇది గాల్లో తేమని లాక్కుంటుంది, వానాకాలంలో మరీను. నిరుడు తెరిచి సగం మిగిల్చిన డబ్బా ఉంటే పారేయండి.

7. అడాప్టర్లు బిగించండి. మరలకి లాకింగ్ గమ్ రాయాలి, మళ్లీ ఊడకూడదు. హై ప్రెషర్ కటాఫ్ స్విచ్ లేని బండైతే ఇప్పుడే పెట్టించండి. అంబాసిడర్లకి బయట బిగించిన పాత కిట్లలో చాలావాటికి ఇది ఉండదు.

8. కొత్త డ్రయ్యర్ అన్నిటికంటే చివర బిగించండి. దాని మూతలు బిగించే నిమిషంలోనే తీయాలి. బల్ల మీద మూతలు తీసి పెట్టి టీకి వెళ్లి వచ్చారంటే ఆ డ్రయ్యర్ గాల్లో తేమతో నిండిపోయినట్టే.

9. నైట్రోజన్‌ని రెగ్యులేటరు ద్వారా 150 పీఎస్ఐ వరకు ఎక్కించి, ప్రతి జాయింటు మీద సబ్బు నురగ పెట్టండి. కంప్రెషర్ ముందు వైపు సీలు మరిచిపోకండి, పాత బండిలో లీకుల అడ్డా అదే. గంటపాటు ముల్లు కదలకపోతే నైట్రోజన్ మెల్లగా వదిలేయండి.

10. వాక్యూమ్. మిస్త్రీలు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. పది నిమిషాలు పంపు తిప్పి "హెబొ, హెబొ" (ఒడియాలో "అయిపోతుందిలే") అంటారు. కనీసం 45 నిమిషాలు తిప్పాలి, వానాకాలంలో గంట పైనే. గాలి తీయడం సులువే, లోపలి తడిని ఆవిరి చేసి లాగేయడానికే ఇంత సమయం.

గేజ్ అంకె దగ్గర మన కొండ ఊళ్లవాళ్లకి ఒక తికమక ఉంది. పుస్తకాల్లో, వీడియోల్లో 29 అంగుళాల వాక్యూమ్ రావాలంటారు. అది సముద్రమట్టం దగ్గరి లెక్క. వెయ్యి అడుగులు ఎత్తుకి వెళ్లేకొద్దీ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. పర్లాకిమిడి, రాయగడలో 29 దరిదాపుల్లోకి వస్తుంది. జయపురంలో 28కి అటూఇటూ ఆగుతుంది. కొరాపుట్, సునాబెడ దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ 27 వచ్చిందంటే పూర్తి వాక్యూమ్ వచ్చినట్టే. అక్కడ 29 కోసం చూస్తూ పంపు పాడైందనో లీకుందనో మళ్లీ అంతా విప్పకండి. మరోవైపు రాయగడలో 27 దగ్గర ఆగితే అది నిజంగానే లీకో, పంపు నీరసమో.

ఇంకొకటి చలి. వెచ్చగా ఉంటే నీరు తేలిగ్గా ఆవిరవుతుంది. కొరాపుట్‌లో డిసెంబరు పొద్దున్నే ఈ పని పెట్టుకోవద్దు. మధ్యాహ్నం ఎండలో బండి పెట్టి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపేశాక బానెట్ కింద వెచ్చగా ఉన్నప్పుడు పంపు తగిలించండి.

తర్వాత గేజ్ వాల్వులు మూసి, పంపు ఆపి, అరగంట వదిలేయండి. ముల్లు కొంచెం లేచి ఆగితే లోపల ఇంకా తడి ఉంది, మళ్లీ పంపు తిప్పండి. ఆగకుండా సున్నా వైపు పోతుంటే లీకు, తొమ్మిదో అంచెకి వెనక్కి వెళ్లండి.

11. గ్యాస్ తూచి ఎక్కించండి. పాత స్టిక్కరు మీది బరువులో 80 నుంచి 90 శాతమే 134 పడుతుంది. స్టిక్కరు 900 గ్రాములంటే 720 దగ్గర మొదలుపెట్టి, 810 దాటకూడదు. అంటే ఒక టిన్ను పూర్తిగా, రెండోదాంట్లో 270 గ్రాములు. టిన్నుని తూకం మీద నిలబెట్టే ఎక్కించండి. గేజ్ సెట్‌కీ టిన్నుకీ మధ్య ఉండే పసుపు పైపులోని గాలిని ఒక్క క్షణం వదిలాక లో సైడ్ తెరిస్తే, ఇంజిన్ ఆపి ఉండగానే వాక్యూమ్ కొంత గ్యాస్‌ని లాక్కుంటుంది. అది ఆగాక కంప్రెషర్‌ని చేత్తో పది చుట్లు తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి మిగిలింది మెల్లగా ఎక్కించండి.

ఇంజిన్ నడుస్తుండగా హై సైడ్ వాల్వు తెరవొద్దు. కంప్రెషర్ ప్రెషరంతా టిన్నులోకి వెళ్లి చేతిలోనే పేలుతుంది. టిన్ను తలకిందులు చేసినా ప్రమాదమే, ద్రవం నేరుగా వెళ్లి కంప్రెషర్ వాల్వుల్ని విరగ్గొడుతుంది. గ్యాస్ నెమ్మదిస్తే టిన్నుని గోరువెచ్చటి నీళ్ల బకెట్‌లో పెట్టండి, మంట మాత్రం దగ్గరికి రానివ్వకండి.

స్టిక్కరే లేకపోతే: ఒక టిన్ను ఎక్కించాక 50 గ్రాముల చొప్పున కలుపుతూ, ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి వెంట్‌లో థర్మామీటరు చూడండి. గ్యాస్ కలిపినా చల్లదనం పెరగని చోట ఆపేయాలి.

12. బానెట్ కింద కొత్త స్టిక్కరు అంటించండి: ఆర్-134ఎ, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్, ఎంత, తేదీ. పాతదాని మీద అడ్డంగా గీత కొట్టండి. రేపు ఏ ఊళ్లో ఏ మిస్త్రీ బానెట్ ఎత్తుతాడో తెలియదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

బయట 35 డిగ్రీలున్న రోజు, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, పది నిమిషాలు నడవనివ్వండి. లో సైడ్ 25 నుంచి 40, హై సైడ్ 200 నుంచి 250 పీఎస్ఐ మధ్య ఉండాలి. మధ్య వెంట్‌లో 10 డిగ్రీలకి అటూఇటూ వస్తే బాగున్నట్టే. బరంపురం లాంటి ఉక్కపోత ఊళ్లో ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉన్నా కంగారు పడక్కర్లేదు.

డ్రయ్యర్ మీది గాజు కన్నులో బుడగలు పోయేదాకా గ్యాస్ కొట్టడం ఆర్-12 రోజుల అలవాటు. 134కి అది పనికిరాదు. సరైన బరువు దగ్గర కూడా కన్ను కాస్త తెల్లగా కనబడొచ్చు. దాన్ని చూస్తూ కొడితే గ్యాస్ ఎక్కువవుతుంది.

మన వైపు ఇంకో పొరపాటు కొండ మీద ప్రెషర్ చూసి గ్యాస్ నింపడం. కొరాపుట్‌లో 22 డిగ్రీల చల్లటి రోజు హై సైడ్ 150 దగ్గరే ఉంటుంది, అది మామూలే. "ఇంకా పడుతుంది" అని 220 వచ్చేదాకా కొట్టించుకున్న బండి సుంకి ఘాట్ దిగి మే నెలలో సాలూరు చేరేసరికి ప్రెషర్ ఆకాశానికి పోయి, కటాఫ్ పడుతుంది, లేదా ఎక్కడో ఓ రింగు ఎగిరిపోతుంది. అందుకే తూకం మీద అంత పట్టుదల.

గేజ్ చూసి తప్పు పట్టుకోవడం ఇలా:

- రెండు ప్రెషర్లూ తక్కువ: గ్యాస్ తక్కువ. ఎక్కించేముందు ఎక్కడ పోయిందో వెతకండి.
- రెండూ ఎక్కువ: ముందు కండెన్సర్ మీద నీళ్లు చల్లండి. హై సైడ్ గబుక్కున దిగితే ఫ్యాన్‌దో మురికిదో తప్పు. పెద్దగా దిగకపోతే గ్యాస్ ఎక్కువైంది, లేదా లోపల గాలి ఉండిపోయింది.
- పావుగంట చల్లగా వచ్చి, లో సైడ్ వాక్యూమ్‌లోకి పడిపోయి, వేడి గాలి వచ్చి, ఆపి పెడితే మళ్లీ చల్లబడటం: లోపల తేమ ఉంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కడుతోంది. గ్యాస్ తీయించి, డ్రయ్యర్ మార్చి, పదో అంచె మళ్లీ.
- లో సైడ్ మొదటి నుంచీ వాక్యూమ్‌లోనే ఉండిపోవడం: వాల్వ్ మూసుకుపోయింది, మార్చాలి.
- లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ: కంప్రెషర్ అరిగింది.

అన్నీ సరిగ్గా చేసినా ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఆర్-12 అంత చల్లగా ఉండకపోవచ్చు, రోడ్డెక్కితే తేడా పెద్దగా తెలియదు. ఆగినప్పుడు మరీ ఇబ్బందిగా ఉంటే కండెన్సర్ ముందు ఇంకో ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించండి, గ్యాస్ మాత్రం కలపొద్దు. సాలూరు నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ముల్లు ఎర్ర గీత వైపు కదిలితే ఏసీ ఆపేసి కిటికీలు దించండి, పైకి వెళ్తే ఎలాగూ చల్లగాలే. నెల తర్వాత ఒకసారి జాయింట్ల దగ్గర కొత్త జిడ్డు మచ్చలున్నాయేమో చూడండి. ఏసీ అక్కర్లేని చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు నడిపితే కంప్రెషర్ సీలు ఎండిపోకుండా ఉంటుంది.